ఇంటి పేరిట ధర్మనిధి: కళకు, ఊరికి, మూగజీవాలకు ఏటేటా సాయం అందేలా ట్రస్టు నడపడం ఎలా

అమ్మ పేరునో తాతగారి పేరునో పెట్టే ట్రస్టుల్లో చాలావరకు మొదటి ఏడాది ఘనంగా మొదలవుతాయి. శిలాఫలకం, కళాకారులకు శాలువాలు, ఊళ్లో నీళ్ల ప్లాంటు, గోశాలకు గడ్డి. నాలుగో ఏడాదికి శిలాఫలకం ఒక్కటే మిగులుతుంది. ఇచ్చేవాళ్ల మనసు మారడం వల్ల ఇలా జరగదు. ఏటా ఎంత వస్తుందో లెక్క కట్టకముందే ఎవరికి ఎంత ఇవ్వాలో మాట ఇచ్చేయడం వల్ల జరుగుతుంది. అందుకే ఇక్కడ లెక్కతో మొదలుపెడుతున్నాం, దస్తావేజు సంగతి ఆ తర్వాత.

ముందు లెక్క

కుటుంబమంతా కలిసి 60 లక్షలు మూలధనంగా పెట్టారనుకుందాం. బ్యాంకు డిపాజిట్‌పై 7 శాతం చొప్పున ఏడాదికి 4,20,000 రూపాయలు వస్తాయి. ఆదాయపు పన్ను మినహాయింపు పొందిన ట్రస్టు తన ఆదాయంలో కనీసం 85 శాతం ఆ ఏడాదే ధర్మకార్యాలకు ఖర్చు పెట్టాలి. మిగతా 15 శాతం, అంటే 63,000, దాచుకోవచ్చు. దాన్ని తప్పకుండా దాచండి, డిపాజిట్‌లోనే కలపండి. ధరలు పెరుగుతున్నా వడ్డీ అక్కడే ఆగిపోతే పదేళ్లలో మీ సాయం విలువ సగానికి దగ్గరగా వస్తుంది.

ఇక చేతిలో ఉండేది 3,57,000. ఆడిట్, లెక్కలు రాసే మనిషి, ప్రయాణాలు, బ్యాంకు ఖర్చులు కలిపి 57,000 పక్కన పెట్టండి. అసలు పనికి మిగిలేది మూడు లక్షలు. కళకు 1,20,000, ఊరికి 1,00,000, జంతువులకు 80,000 అని పంచుకుంటే, ఏ పని మొదలుపెట్టొచ్చో ఏది వద్దో ఆ అంకెలే చెబుతాయి. మీ మూలధనం వేరైతే ఇదే వరుసలో మీ అంకెలు వేసుకోండి. ఏటా పిల్లలు పంపుతామన్న డబ్బును ఈ లెక్కలో కలపకండి. వచ్చినప్పుడు ఆ ఏడాదితో అయిపోయే పనికి వాడండి: ఒక వీణ కొనడం, ఒక బడికి బెంచీలు చేయించడం లాంటివి. నెలనెలా ఇచ్చేవన్నీ వడ్డీ మీదే ఆధారపడాలి.

ట్రస్టా, సొసైటీయా?

కుటుంబం వరకే అయితే పబ్లిక్ చారిటబుల్ ట్రస్టు సరిపోతుంది. సొసైటీకి, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఎన్నికలు జరపాలి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద పెట్టే లాభాపేక్ష లేని కంపెనీకి కాగితాల పని ఎక్కువ. పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు మీద, విరాళాల సేకరణ మీద నడపాలనుకునేవాళ్లకు అది నప్పుతుంది. సొంత డబ్బుతో మొదలుపెట్టేవాళ్లు ట్రస్టు దగ్గరే ఆగండి.

ఒక గందరగోళం తరచూ కనిపిస్తుంది. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ప్రైవేటు ట్రస్టుల కోసం వచ్చింది, అంటే ఫలానా మనవడికో మనవరాలికో ఆస్తి కాపాడేవి. మీది ప్రజల కోసం పెట్టేది. ఆ చట్టం పేరుతో దొరికే నమూనా దస్తావేజును ఇంటర్నెట్ నుంచి దింపుకుని సంతకాలు పెట్టేస్తే తర్వాత పన్ను ఆఫీసు దగ్గర చిక్కు. ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1987 నాటి ధార్మిక, దేవాదాయ చట్టం గుళ్లకే కాదు, ప్రజా ధర్మ సంస్థలకూ వర్తించేలా రాశారు. దస్తావేజు రాయించేటప్పుడే మీ ట్రస్టు దాని పరిధిలో ఎలా వస్తుందో న్యాయవాదిని అడిగి, ఆయన అభిప్రాయం కాగితం మీద తీసుకోండి.

దస్తావేజులో ఏం ఉండాలి

ట్రస్టు భవిష్యత్తంతా ఈ పది పేజీల్లోనే ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట టైపు చేసిచ్చే మామూలు నమూనాతో సరిపెట్టుకోకండి.

ఉద్దేశాలను కళ పేరుతో, పని పేరుతో రాయండి, కులం పేరుతో రాయకండి. మన జానపద కళలు చాలావరకు ఒక్కో కులంతో పెనవేసుకున్నవే. ఒగ్గుకథ యాదవ, కురుమల ఇళ్లల్లో, చిందు యక్షగానం మాదిగ వాడల్లో పుట్టి పెరిగాయి. అయినా ఫలానా కులం మేలు కోసమని దస్తావేజులో ఉంటే, దాతలకు పన్ను రాయితీ ఇచ్చే 80జీ అనుమతి రాదు. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసమని రాసినదానికి మాత్రం ఈ అడ్డు లేదు. అగ్రకులాల కుటుంబాలు తమ కులం విద్యార్థులకే స్కాలర్‌షిప్ అని రాసి ఇరుక్కునేది ఇక్కడే. ‘ఒగ్గుకథ, చిందు యక్షగానం, తోలుబొమ్మలాట ప్రదర్శించే, నేర్చుకునే వారికి సాయం’ అంటే చాలు. చేరవలసినవాళ్లకే చేరుతుంది.

మతం విషయంలోనూ ఇలాంటిదే ఒక హద్దు ఉంది. 80జీ ఉన్న ట్రస్టు ఏడాది ఆదాయంలో 5 శాతం మించి మతపరమైన పనులకు ఖర్చు చేయకూడదు. గుడి జాతరలో తోలుబొమ్మలాట ఆడిస్తే అది కళకు పెట్టిన ఖర్చే. గుడి గోపురానికి రంగులు వేయిస్తే కాదు. వోచర్ మీద ఏ పనికి ఇచ్చారో విడమరచి రాయడం అందుకే.

ఇంకా తప్పనిసరి అంశాలు: ఈ ట్రస్టు రద్దు చేసి వెనక్కి తీసుకోవడానికి వీల్లేనిది అన్న వాక్యం. కార్యకలాపాలు భారతదేశంలోనే అన్న వాక్యం. ఆదాయం గానీ ఆస్తి గానీ స్థాపకుడికి, ట్రస్టీలకు, వారి బంధువులకు చెందదన్న వాక్యం. ట్రస్టు మూసేయాల్సి వస్తే మిగిలింది అలాంటి ఉద్దేశాలున్న మరో నమోదైన సంస్థకే వెళ్లాలన్న వాక్యం. నిధులను ఆదాయపు పన్ను చట్టం అనుమతించిన చోటే పెడతామన్న వాక్యం. ఖాతాలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు. వీటిలో ఒక్కటి లేకపోయినా సవరణ దస్తావేజు రాయించుకుని మళ్లీ మొదటికి రావాలి.

ట్రస్టీలు ఐదుగురు ఉంటే పని బాగా సాగుతుంది: ముగ్గురు కుటుంబం నుంచి, ఇద్దరు బయటివాళ్లు. ఆ ఇద్దరిలో ఒకరు కళ తెలిసినవాళ్లు, ఇంకొకరు పశువైద్యులు అయితే సగం పొరపాట్లు గుమ్మం దాటి లోపలికి రావు. మీటింగుకు కనీసం ముగ్గురు, అందులో ఒకరు బయటివాళ్లు ఉండాలని కోరం రాయండి. పదవీకాలం ఐదేళ్లు పెట్టండి. జీవితకాలం అని రాస్తే మంచానపడ్డ ట్రస్టీ సంతకం కోసం చెక్కులు ఆగిపోతాయి. తర్వాతి తరం ఎలా వస్తుందో కూడా రాసిపెట్టండి. ‘పెద్ద కొడుకు, ఆ తర్వాత అతని పెద్ద కొడుకు’ అనే పాత పద్ధతి ఎక్కువ గొడవలకు మూలం. కూతుళ్లకు, కోడళ్లకు సమాన అవకాశం ఉండేలా, మిగిలిన ట్రస్టీలు ఓటు వేసి ఎంచుకునేలా రాయండి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు.

రిజిస్ట్రేషన్ నుంచి పన్ను అనుమతుల దాకా

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు స్థాపకుడు, ట్రస్టీలు, ఇద్దరు సాక్షులు ఆధార్, పాన్, ఫొటోలతో వెళ్లాలి. ట్రస్టు చిరునామాకు కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో, ఇల్లు మరొకరిదైతే వారి అంగీకార పత్రమో కావాలి. స్టాంపు డ్యూటీ మూలధనాన్ని బట్టీ రాష్ట్రాన్ని బట్టీ మారుతుంది. కాబట్టి దస్తావేజులో మొదట చిన్న మొత్తమే, పది వేలో పాతిక వేలో, రాసి, అసలు మూలధనాన్ని తర్వాత బ్యాంకు ద్వారా విరాళంగా ఇవ్వడం మామూలు పద్ధతి. ఆ తర్వాత వరుసగా ట్రస్టు పేరిట పాన్, బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదు.

ఆదాయపు పన్ను విషయంలో ఒక హెచ్చరిక. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. ఆడిటర్ల నోట ఇంకా 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు తెచ్చే నమోదు), 80జీ అనే పాత పేర్లే నడుస్తున్నాయి కనుక ఇక్కడా అవే వాడుతున్నాం. పోర్టల్‌లో ఫారం నింపేటప్పుడు మాత్రం కొత్త నంబరే చూసుకోండి.

కొత్త ట్రస్టుకు ముందు మూడేళ్ల తాత్కాలిక నమోదు ఇస్తారు. పని మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు, లేదా ఆ మూడేళ్లు ముగియడానికి ఆరు నెలల ముందు, ఏది ముందైతే అప్పుడు పూర్తి నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ‘మూడేళ్లు ఉందిగా’ అని కూర్చోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. మొదటి కళాకారుడికి మొదటి చెక్కు ఇచ్చిన రోజే ఆరు నెలల గడువు నడవడం మొదలైందని క్యాలెండర్‌లో రాసుకోండి. పూర్తి నమోదు మామూలుగా ఐదేళ్లకు. గత రెండేళ్లలో ఏ ఏడాదీ ఆదాయం 5 కోట్లు దాటని ట్రస్టులకు పదేళ్లకు ఇచ్చే వీలు 2025 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది.

మూలధనంగా ఇచ్చే ప్రతి రూపాయికీ దాత నుంచి లేఖ తీసుకోండి. రెండు వాక్యాలు చాలు: ‘ఈ మొత్తాన్ని ట్రస్టు మూలధనంగానే ఉంచవలెను. దీనిపై వచ్చే ఆదాయమును మాత్రమే ట్రస్టు ఉద్దేశాలకు ఖర్చు చేయవలెను.’ తేదీ, సంతకం, పాన్. ఈ లేఖ లేకపోతే ఆ 60 లక్షలూ ఆ ఏడాది ఆదాయం కిందికి వస్తాయి. అందులో 85 శాతం మార్చి 31లోపు ఖర్చు పెట్టాల్సిన పరిస్థితి వస్తుంది. ఇక మూలధనం ఉండాల్సింది షెడ్యూల్డ్ బ్యాంకు డిపాజిట్లలో, పోస్టాఫీసులో, ప్రభుత్వ బాండ్లలో. చిట్టీల్లో కాదు, బంగారంలో కాదు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెలిసినవాళ్లకు అసలే కాదు, బావమరిది వ్యాపారంలో అంతకన్నా కాదు. వీటిలో ఏది చేసినా పన్ను మినహాయింపుకే ముప్పు.

స్థాపకుడు, ట్రస్టీలు, వారి దగ్గరి బంధువులు, ఏడాదిలో లక్ష లేదా మొత్తంగా 10 లక్షలు మించి ఇచ్చిన దాతలు – వీళ్లెవరికీ ట్రస్టు నుంచి లాభం అందకూడదు. మేనల్లుడికి స్కాలర్‌షిప్, కోడలి నృత్య ప్రదర్శనకు హాలు అద్దె, అన్నయ్య ఇంటికి ఆఫీసు పేరిట ఎక్కువ అద్దె, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. వాళ్లు నిజంగా అర్హులైనా సరే, సొంత జేబులోంచి ఇవ్వండి.

అమెరికా పిల్లల డబ్బు

ఈ విషయంలో మన కుటుంబాలు తెలియక తప్పు చేస్తాయి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకోండి. అదే కొడుకు అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపే ప్రతి డాలరూ విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. అక్కడి తెలుగు సంఘాలు పంపేదీ అంతే. తల్లి ఖాతాకు పంపి అక్కడి నుంచి ట్రస్టుకు మళ్లిస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. ఎన్ని చేతులు మారినా మూలం విదేశమైతే విదేశీ విరాళమేనని ఆ చట్టంలోనే రాసి ఉంది.

నమోదుకు ట్రస్టు మూడేళ్లు నడిచి ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. పైన వేసిన లెక్క ప్రకారం ఏటా మూడు లక్షలు పెట్టే ట్రస్టుకు అది అందదు. ఒకే పనికి, ఒకే దాత నుంచి, ఇంత మొత్తం అని చూపించి ముందస్తు అనుమతి అడగడమే చిన్న ట్రస్టుకు ఉన్న దారి. అనుమతి వస్తే డబ్బు ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. దాన్ని ఇంకో సంస్థకు ఇచ్చే వీలు 2020 సవరణతో పోయింది.

కళకు ఇవ్వడం

సన్మానం సాయం కాదు. శాలువా, మెమెంటో, వేదిక, భోజనాలు కలిపి అయ్యే ఖర్చుతో ఒక కళాకారుడి ఇల్లు వానాకాలమంతా గడుస్తుంది. వానాకాలమనే ఎందుకు అనాలంటే, జానపద కళల సంపాదనకు ఒక రుతువు ఉంది. పంటలు ఇంటికొచ్చాక, జాతరలప్పుడు, వేసవి రాత్రుల్లో పిలుపులు ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆరుబయట ఆట కట్టడం కుదరదు. అప్పులు చేసేది, వాయిద్యం తాకట్టు పెట్టేది, కొడుకును కూలికో ఆటో తోలడానికో పంపేది ఆ నాలుగు నెలల్లోనే. అలా వెళ్లిన కొడుకు మళ్లీ కథ నేర్చుకోడు. కాబట్టి మీ డబ్బు ఆ నెలల్లో చేరాలి.

1,20,000 ఇలా పంచొచ్చు. ఇద్దరు పెద్ద కళాకారులకు నాలుగు వాన నెలలు, నెలకు 7,500 చొప్పున 60,000. వాళ్ల దగ్గర నేర్చుకునే ఐదుగురు పిల్లలకు నెలకు 1,000, పది నెలలకు 50,000. వాయిద్యాల మరమ్మతుకు 10,000. ఒక్క నిబంధన పెట్టండి: సాయం అందుకునే పెద్దలు వారానికి రెండు పూటలు ఆ పిల్లలకు నేర్పాలి. ఇది కనీసం ఐదేళ్లు సాగాలి. హరికథ గానీ తోలుబొమ్మల పాట గానీ ఏడాదిలో వచ్చే విద్య కాదు. పదిమందికి ఒక్కసారి పంచితే పదిమందికీ పండగ ఖర్చు అవుతుంది, అంతే.

డబ్బు నేరుగా కళాకారుడి ఖాతాకు వేయండి. చెప్పినంత తేలిక కాదిది. చాలామంది పెద్దవాళ్ల ఖాతాలు వాడక ఆగిపోయి ఉంటాయి, కేవైసీ చేయించాలి. మనవడి ఫోన్‌పే నంబరు ఇస్తే వద్దనండి. వేలిముద్రతో తీసుకునే చోట దళం వాళ్లు కాని సాక్షి ఒకరుండాలి. దళానికి ఇచ్చేటప్పుడు వాటాలు ముందే రాసుకోండి. బుర్రకథకు ముగ్గురు: కథకుడు, రాజకీయ వంత, హాస్య వంత. మొత్తం కథకుడి చేతికిస్తే దళం విడిపోవడానికి మీరే కారణమవుతారు. మూడు ఖాతాలకు మూడు చెల్లింపులు చేయండి.

వాయిద్యాల ఖర్చులో తోలుదే పెద్ద భాగం. డోలుకైనా మృదంగానికైనా చర్మం వానల్లో తేమ పట్టి సాగుతుంది, వాయించేకొద్దీ అరిగిపోతుంది. వాయిద్యం కొనిచ్చి మూతలు మార్చే ఖర్చు మరిచిపోతే రెండో ఏడాది అది అటకెక్కుతుంది. బొబ్బిలి వీణ కొనిద్దామంటే ముందుగా చెప్పి పెట్టాలి. ఒకే పనస దుంగలోంచి తొలిచే వీణకు ఎండిన కర్ర కావాలి, తొందరపెడితే పచ్చి కర్రతో చేసింది తర్వాత పగులుతుంది. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మలు మేక చర్మంతో చేసినవి. తడి తగిలితే ముడుచుకుంటాయి, బూజు పడతాయి. వాళ్లకు కొత్త బొమ్మల కంటే నేలకు ఎత్తుగా అరలున్న పొడి గది ఎక్కువ మేలు.

హస్తకళల్లో అయితే ముడిసరుకు వైపు చూడండి. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర కావాలి. ఆ చెట్లు తగ్గిపోతుంటే ఎంత మార్కెటింగ్ చేసినా ఏం లాభం? అటవీశాఖతో, చేతివృత్తి సంఘంతో మాట్లాడి మొక్కలు నాటించి, మూడు వేసవులు నీళ్లు పోయించే ఖర్చు పెట్టుకోగలిగితే అది ఇరవై ఏళ్లు పనికొచ్చే దానం.

రికార్డింగు చేయిస్తే కథ మొత్తం చేయించండి, పది నిమిషాల ముక్కలు కాదు. ఒగ్గుకథ ఒక్కోటి రాత్రుల తరబడి సాగుతుంది. ధ్వని 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లల్లో ఉంచండి. ఒక ప్రతి దళానికి ఇవ్వాలి. 1957 కాపీరైటు చట్టం కింద ప్రదర్శన మీద కళాకారుడికి హక్కుంది. దేనికి వాడతారో తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాకే కెమెరా తెరవండి.

టిక్కెట్లు పెట్టి ప్రదర్శనలు ఏర్పాటు చేసేవాళ్లు ఒకటి గమనించాలి. కళకు, జంతువులకు చేసే పని సాధారణంగా చట్టంలో ‘సాధారణ ప్రజోపయోగం’ అనే తరగతిలోకి వస్తుంది. అందులో వ్యాపారం లాంటి రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. మన ఉదాహరణలో మొత్తం రాబడి ఐదు లక్షలయితే టిక్కెట్ల డబ్బు లక్ష దాటరాదు.

అరవై దాటిన కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలవారీ సాయం ఉంది, రాష్ట్రాల పింఛన్లూ ఉన్నాయి. దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రం, పాత ప్రదర్శనల ఫొటోలు, పత్రికల కత్తిరింపులు సమకూర్చి పంపే పని మీరు చేసిపెడితే, మీ రూపాయి ఖర్చు లేకుండా ఆ మనిషికి జీవితాంతం ఆదాయం.

ఊరికి ఇవ్వడం

అందరూ ముందు అనుకునేది నీళ్ల ప్లాంటు. ఆర్‌ఓ ప్లాంటు పెట్టడం తేలిక, నడపడమే కష్టం. నడిపే మనిషి జీతం, కరెంటు బిల్లు, నెలనెలా మార్చే ఫిల్టర్లు, రెండు మూడేళ్లకోసారి మెంబ్రేన్లు – ఇవన్నీ కలిస్తే మన లక్ష చాలదు. 20 లీటర్ల క్యానుకు కొంత తీసుకుంటే తప్ప నడవదు, ఆ డబ్బు ఎవరి దగ్గర ఉండాలో మొదటే పంచాయతీ తీర్మానంలో రాయించాలి. దానికి ముందు అసలు అవసరమా అని నీళ్లు పరీక్ష చేయించండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు సరేనని భారత ప్రమాణం. నల్లగొండ, ప్రకాశం వంటి చోట్ల పాత బోర్లలో ఇది దాటుతుంది. ప్లాంటు వదిలేసే నీళ్లలో ఆ ఫ్లోరైడ్, ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటాయి. దాన్ని పశువుల తొట్టిలోకి మళ్లించే ఊళ్లున్నాయి. అది చేయనివ్వకండి.

లక్షతో బాగా జరిగేది చదువు. ప్రభుత్వ బడిలో పదో తరగతి పాసై, ఇంటర్‌లో గానీ పాలిటెక్నిక్‌లో గానీ చేరిన పదిమందికి 10,000 చొప్పున ఇవ్వండి. బోనఫైడ్ సర్టిఫికెట్ చూసి, ఫీజు కాలేజీ ఖాతాకే కట్టండి. మిగిలింది పుస్తకాలకు, బస్ పాస్‌కు విద్యార్థి ఖాతాలో వేయండి. ఎంపిక హెడ్మాస్టరు ఒక్కరికే వదిలేయకుండా బడి యాజమాన్య కమిటీ నుంచి ఇద్దరిని, మీ నుంచి ఒకరిని కూర్చోబెట్టండి. రెండో ఏడాదీ అదే పిల్లలకు ఇవ్వండి. కొత్త పేర్ల మోజులో పాతవాళ్లను మధ్యలో వదిలేస్తే వాళ్లు చదువు మానేస్తారు.

మూగజీవాలకు ఇవ్వడం

కళకూ జంతువులకూ ఒకే ఇంటి నుంచి సాయం ఏమిటని ఎవరైనా అడిగితే భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ పేరు చెప్పొచ్చు. 1936లో కళాక్షేత్ర అనే నృత్య, సంగీత సంస్థను స్థాపించిన ఆమే రాజ్యసభలో జంతుహింసకు వ్యతిరేకంగా బిల్లు పెట్టారు. ఆ కృషి నుంచే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వచ్చింది, 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

మొదటి మాట: షెల్టర్ పెట్టకండి. ముప్పై కుక్కలకు రోజుకు ఒక్కోదానికి 60 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 6,57,000. మన ట్రస్టు మొత్తం ఆదాయం 4,20,000. పైగా షెల్టర్ ఉందని తెలిసిన రోజు నుంచి రాత్రిపూట గేటు ముందు కుక్కపిల్లల్ని వదిలి వెళ్తారు. ముప్పై అరవై అవుతాయి, రోగాలు అంటుకుంటాయి. ప్రేమతో మొదలుపెట్టినవాళ్లే చివరకు నిస్సహాయులై నిలబడతారు.

80,000తో బాగా చేయగలిగింది సంతాన నియంత్రణ ఆపరేషన్లకు, రేబిస్ టీకాలకు సాయం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఈ పని స్థానిక సంస్థ బాధ్యత. జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉన్న సంస్థ మాత్రమే చేయాలి. మీరు డబ్బు, మనుషుల సాయం ఇవ్వండి. తెలిసిన డాక్టరుతో షెడ్డులో చేయించేయకండి. ఆపరేషన్‌కు 1,500 అనుకుంటే నలభై కుక్కలకు 60,000. ఆ నలభైనీ పట్నమంతా చల్లితే ఫలితం సున్నా. వదిలేసినవి ఈనుతూనే ఉంటాయి. రేబిస్ ఆగాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలి. కాబట్టి 55 కుక్కలున్న ఒక కాలనీ ఎంచుకుని అందులో నలభైకి చేయించండి. వచ్చే ఏడాది పక్క కాలనీ.

లెక్కించడానికి తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడు వరకు మంచి సమయం. వరుసగా రెండు రోజులు, అదే దారిలో నడవండి. మగ, ఆడ, పాలిచ్చేది, చెవి కత్తిరించి ఉన్నది (ఆపరేషన్ అయిందన్న గుర్తు) అని నాలుగు గడులు గీసుకోండి. ముందు ఆడవాటిని పంపండి. పాలిచ్చేవాటిని పిల్లలు తిండికి అలవాటు పడేదాకా ఆపండి. పట్టిన చోటు ఫొటోతో రాసి పెట్టాలి, మామూలుగా అక్కడే వదలాలి గనక. వేరే వీధిలో వదిలితే అక్కడి కుక్కలు తరిమి కరుస్తాయి, ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తాయి. అయితే 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కొన్ని మార్పులు తెచ్చాయి. ఆగస్టు 22 నాటి ఆదేశం తిండి పెట్టే చోట్లు మున్సిపాలిటీయే చూపించాలంది. నవంబరు 7 నాటి ఆదేశం బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసిన కుక్కల్ని అక్కడే మళ్లీ వదలొద్దంది. పని మొదలుపెట్టే ముందు తాజా ఆదేశం ఏమిటో మున్సిపాలిటీ నుంచి లిఖితంగా తీసుకోండి.

కుక్కల్ని పట్టేవాళ్లకు, మోసేవాళ్లకు ముందుగానే రేబిస్ టీకా వేయించాలి: మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు. ఈ ఖర్చు బడ్జెట్‌లో అన్నిటికంటే ముందు రాయండి. కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, నేరుగా ఆస్పత్రికి. పసుపు, కారం, సున్నం రాయకూడదు.

మిగిలిన 20,000లో టీకాలు పోగా నీళ్ల తొట్లు కట్టించండి. ఎండాకాలంలో ఆవు రోజుకు 40 నుంచి 60 లీటర్లు తాగుతుంది. పది పశువులు తిరిగే చోట 500 లీటర్ల తొట్టి కావాలి. దూడలకూ కుక్కలకూ అందేలా ఒక వైపు అంచు తక్కువ ఎత్తులో ఉంచండి. లోపల సున్నం కొట్టిస్తే పాచి తొందరగా పట్టదు. వారంలోపు ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి కడగాలి. లేకపోతే దోమలు గుడ్లు పెట్టి పెరుగుతాయి, కాలనీవాళ్లు తొట్టి పగలగొట్టమంటారు. కడిగే మనిషికి నెలకు ఇంత అని మాట్లాడకుండా తొట్టి కట్టకండి.

పాములు, నెమళ్లు, గుడ్లగూబలు, రామచిలుకలు దెబ్బతిని దొరికితే ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అటవీశాఖకు అప్పగించండి.

ఏడాది పొడవునా చూసుకోవాల్సినవి

ఏప్రిల్‌లో ట్రస్టీల మీటింగ్ పెట్టి, మూడు పద్దులకు అంకెలు ఖాయం చేసి మినిట్స్ పుస్తకంలో రాయండి. మే 31లోపు గత ఏడాది దాతల పట్టిక పోర్టల్‌లో దాఖలు చేసి, వారికి సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. దాతలకు ముందే చెప్పండి: 2,000 దాటిన నగదు విరాళానికి 80జీ రాయితీ రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ రాయితీ అసలే లేదు. పేరు లేని హుండీ తరహా విరాళాలపై పరిమితి దాటాక 30 శాతం పన్ను పడుతుంది, కాబట్టి డబ్బా పెట్టకండి. మీరు ఇచ్చే వైపు ఒకరికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇస్తే అది ఖర్చుగా లెక్కకు రాదు. ఇంకో నమోదైన ట్రస్టుకు విరాళమిస్తే అందులో 85 శాతమే మీ ఖర్చుగా చూస్తారు.

జూన్ మొదటి వారంలో కళాకారుల మొదటి చెల్లింపు, కాలేజీల ఫీజులు. సెప్టెంబరు నెలాఖరుకు ఆడిట్ రిపోర్టు, అక్టోబరు 31కి రిటర్ను. ఫిబ్రవరిలో ఒకసారి కూర్చుని 85 శాతం ఎంతవరకు వచ్చిందో చూడండి. తక్కువైతే మార్చి చివరి వారంలో హడావిడిగా ఎవరికో ఒకరికి చెక్కు రాయకండి. ఫలానా పనికి దాచుకుంటున్నామని కారణం రాసి, తీర్మానం చేసి, గడువులోపు ఫారం ఇస్తే ఐదేళ్ల వరకు ఆ మిగులును దాచుకోవచ్చు. ఇరవై ఏళ్ల పొణికి తోటకైనా, దళానికి పొడి గదికైనా డబ్బు కూడబెట్టేది అలాగే.